సికిల్ సెల్ జాడ తీసిన హెర్మన్ లేమన్

నీలగిరి కొండల్లోని గిరిజన తెగల రక్తంలో సికిల్ సెల్ లక్షణం ఉందని 1952లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక వ్యాసం వెలువడింది. కొడవలి ఆకారానికి వంగిపోయే ఈ ఎర్రకణాలను అంతవరకూ వైద్యలోకం ప్రధానంగా ఆఫ్రికా సంతతివారికి చెందినవిగానే చూస్తూ వచ్చింది. మేరీ కట్‌బుష్‌తో కలిసి ఆ వ్యాసం రాసిన హెర్మన్ లేమన్‌కు, పుట్టుకను బట్టి మనిషిని లెక్కగట్టడం ఎలా ఉంటుందో స్వానుభవమే.

1910లో జర్మనీలోని హాలె నగరంలో యూదు కుటుంబంలో ఆయన జన్మించారు. వైద్యవిద్య సాగుతుండగా నాజీలు అధికారానికి రావడంతో, పట్టా కోసం స్విట్జర్లాండ్‌లోని బాజెల్‌కు వెళ్లవలసివచ్చింది. 1936లో కేంబ్రిడ్జ్ చేరి జీవరసాయన పరిశోధనలో నిమగ్నులయ్యారు. ఆశ్రయమిచ్చిన బ్రిటనే 1940లో ఆయనను శత్రుదేశీయునిగా నిర్బంధించింది. మరో మూడేళ్లకు అదే దేశపు సైనిక వైద్యదళంలో చేరి భారతదేశానికి వచ్చి, ఇక్కడి సైనికుల రక్తహీనతను అధ్యయనం చేశారు.

యుద్ధానంతరం ఉగాండాలో పనిచేస్తూ, సికిల్ సెల్ లక్షణం తెగతెగకూ ఎంత తేడాగా ఉందో అలన్ రేపర్‌తో కలిసి 1949లో వెల్లడించారు. గాజుపలకపై రక్తపు చుక్కకు గాలి తగలకుండా మూసి ఉంచితే, ప్రాణవాయువు తగ్గి కణాలు వంకర తిరుగుతాయి. అయితే అది వ్యాధిగ్రస్తుని రక్తమా, ఆరోగ్యవంతుడైన వాహకునిదా అన్నది ఈ పరీక్ష చెప్పదు. ఇద్దరు వాహకులకు పుట్టే ప్రతి బిడ్డకూ వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు గనుక, ఈ తేడా తెలియడం కుటుంబాలకు ప్రాణావసరం. హిమోగ్లోబిన్ రకాలను విద్యుత్ ప్రవాహంతో విడదీయవచ్చని లైనస్ పాలింగ్ బృందం 1949లోనే నిరూపించింది. తడి వడపోత కాగితంపై విద్యుత్తును పంపితే, సికిల్ హిమోగ్లోబిన్ మామూలు దానికంటే వెనకబడి వేరే పట్టీగా నిలుస్తుంది. వాహకునిలో రెండు పట్టీలూ కనిపిస్తాయి. ఖర్చు తక్కువైన ఈ కాగితపు పద్ధతి లేమన్ వంటివారికి చక్కని సాధనమైంది. శ్రీలంక వెద్దాలలో హిమోగ్లోబిన్-ఇ ఉన్నట్టు ఆయన పాల్గొన్న బృందం 1954లో ప్రకటించింది.

రక్తం ఆధారంగా ప్రాచీన వలసల చరిత్రను ఊహించడంలో ఆయన కొంత తొందరపడ్డారనే చెప్పాలి. భారత, అరబ్ ప్రాంతాల సికిల్ జన్యువు నేపథ్యం ఆఫ్రికాలోని వాటికి భిన్నమని తరువాతి పరిశోధనల్లో తేలింది. పరీక్షా ఫలితాలు మాత్రం చెక్కుచెదరలేదు.

1963 నుంచి కేంబ్రిడ్జ్‌లో అసాధారణ హిమోగ్లోబిన్ల పరిశోధన విభాగానికి ఆయన సారథ్యం వహించారు. ప్రపంచం నలుమూలల నుంచి రక్త నమూనాలు అక్కడికి చేరేవి. 1972లో రాయల్ సొసైటీ సభ్యత్వం లభించింది. 1985 జులైలో కేంబ్రిడ్జ్‌లో కన్నుమూసేనాటికి, ఎనభైకి పైగా హిమోగ్లోబిన్ రకాలను గుర్తించిన ఘనత ఆయన ఖాతాలో చేరింది.