హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు

హరికథ అనగానే ఆంధ్రులకు మొదట స్ఫురించే పేరు అజ్జాడ ఆదిభట్ల నారాయణదాసుగారిది. హరికథ ఆయనతో పుట్టిన కళ కాదు. మహారాష్ట్రుల కీర్తన సంప్రదాయం తంజావూరు మీదుగా దక్షిణదేశమంతటా వ్యాపించి, ఆయన యౌవనానికి వచ్చేనాటికే దేవాలయ ప్రాంగణాలలో ఆదరం పొంది ఉన్నది. అట్లు ముందే పుట్టి పెరిగిన కళకు ఆయన పితామహుడు ఎట్లా అయినాడన్న ప్రశ్నకు ఆయన జీవితమే సమాధానం.

దాసుగారు 1864 ఆగస్టు 31వ తేదీన, బొబ్బిలి ప్రాంతమందలి అజ్జాడ గ్రామంలో, వేంకటచయనులు, లక్ష్మీనరసమాంబ దంపతులకు జన్మించినారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు సూర్యనారాయణ. ఇంట పురాణ పఠనం నిత్యకృత్యం కావడంచేత చదవడం, వ్రాయడం పట్టుబడకముందే భాగవత పద్యాలు ఆ బాలుని నాలుకపై నిలిచినవి. అయిదేండ్ల వయస్సులో ఒక పుస్తకాల అంగడి ముందు నిలిచి భాగవతం కావాలని మారాము చేయగా, ఇంత పసివానికి ఆ గ్రంథమెందుకని అంగడివాడు నవ్వినాడనీ, వెంటనే ఆ బాలుడు పద్యాలు గడగడ వల్లించేసరికి ఆశ్చర్యపడి ఆ పుస్తకాన్ని బహుమతిగా ఇచ్చివేసినాడనీ ఒక కథ వాడుకలో ఉన్నది. బొబ్బిలిలో వాసా సాంబయ్యగారి వద్ద కొంతకాలం వీణ అభ్యసించినప్పటికీ, ఆయన సంగీతంలో అధికభాగం విని నేర్చినదే గాని గురుకులంలో కూర్చుండి నేర్చినది కాదు.

ఇంగ్లీషు చదువు కోసం బంధువులు ఆయనను విజయనగరం చేర్చినారు. పూసపాటి ఆనందగజపతి ప్రభువు కాలంలో ఆ పట్టణం పండితులకు, గాయకులకు, వైణికులకు పుట్టినిల్లు వంటిది. గురజాడ అప్పారావుగారి సాహిత్యజీవితం వికసించినదీ అక్కడనే. బడిలో పాఠాలు ఒకవైపు, వీధిలో సంగీతం మరొకవైపు లాగుచుండగా, 1883లో మదరాసు నుండి వచ్చిన కుప్పుస్వామి నాయుడుగారి హరికథ ఆ పట్టణంలో జరిగినది. పందొమ్మిదేండ్ల ఆ విద్యార్థి దానిని విన్నాడు. తన కవిత్వం, తన గానం, తన నటన వేరువేరు దారులు పట్టనక్కరలేదని, అన్నిటికీ చోటున్న వేదిక ఒకటి ఉన్నదని ఆ రాత్రి ఆయనకు తోచి ఉండాలి. ఆ సంవత్సరమే ధ్రువచరిత్రను స్వయంగా రచించి, విజయనగరం వేణుగోపాలస్వామి ఆలయంలో గజ్జెకట్టి తొలి హరికథ చెప్పినారు. సూర్యనారాయణ నారాయణదాసుగా లోకానికి పరిచయమైనది అక్కడనే.

ఇక్కడ గుర్తింపవలసిన విశేషం ఒకటి కలదు. సాధారణంగా కథకులు పూర్వకవుల పద్యాలనూ, వాగ్గేయకారుల కీర్తనలనూ ఏర్చి కూర్చి కథ నడిపేవారు. దాసుగారు అట్లు చేయలేదు. కథకు కావలసిన పద్యం తనదే, వచనం తనదే, కీర్తన తనదే, దానికి రాగతాళాల నిర్ణయం తనదే. వేదికపై దానిని పాడి, ఆడి, అర్థం చెప్పి నడిపించే దేహమూ తనదే. అంబరీష చరిత్ర, గజేంద్రమోక్షం, రుక్మిణీ కల్యాణం, సావిత్రీ చరిత్ర, భీష్మ చరిత్ర, యథార్థ రామాయణం మొదలైనవన్నీ ఇట్లు వెలసినవే. హరికథను ఆయన కథాకాలక్షేపం స్థాయి నుండి సర్వతంత్రమైన ప్రబంధ స్థాయికి తీసికొనిపోయినారు. పితామహ శబ్దానికి మూలం ఇది.

ఛత్రపురం, బరంపురం మొదలుకొని మచిలీపట్నం వరకు ఆయన కథలకు పిలుపులు వచ్చినవి. కొన్నిచోట్ల హరికథతోపాటు అష్టావధానం కూడా చేసెడివారు. ధ్వనివర్ధకాలు లేని ఆ రోజులలో ఆలయ మంటపాల ముందు, పందిళ్ళ క్రింద వందలాది జనం కూర్చుండగా, పట్టుబట్ట కట్టి, నడుముకు ఉత్తరీయం బిగించి, మెడలో పూలదండ, కాళ్ళకు గజ్జెలు, చేత చిడతలతో నిలిచి, గంటల తరబడి కథ నడిపించడానికి కంఠబలం ఒక్కటే చాలదు. ముందువరుసలో సంగీత విద్వాంసుడు తాళం వేస్తూ తప్పు వెదకుచుండును. వెనుకవరుసలో పొలం పనినుండి వచ్చిన రైతు ధ్రువుని దుఃఖానికి కన్నీరు పెట్టడానికి సిద్ధంగా ఉండును. ఈ ఇరువురినీ ఒక్కమారు తృప్తిపరచడమే హరికథకునికి పరీక్ష. దాసుగారి లయజ్ఞానం విద్వాంసుల నోరు మూయించినది. రెండు చేతులు, రెండు పాదాలు, శిరస్సు, ఈ అయిదింటితో అయిదు వేర్వేరు తాళాలను ఏకకాలంలో చూపడం ఆయనకు వశమైన విద్య. అందుచేతనే పంచముఖి పరమేశ్వరుడన్న బిరుదం ఆయనకు లభించినది. తొంబది రాగాలతో అమ్మవారిపై కూర్చిన దశవిధరాగ నవతి కుసుమ మంజరి ఆయన రాగజ్ఞానానికి నిదర్శనం.

మైసూరు మహారాజు ఆయన గానానికి ముగ్ధుడై ఆస్థానంలో ఉండవలసినదిగా కోరినాడు. దాసుగారు అంగీకరించలేదు. నరులను కొలువరాదన్నది ఆయన నియమం. సంభావనలు స్వీకరించడంలో ఆయనకు అభ్యంతరం లేదు. జీతానికి కట్టుబడడంలో ఉన్నది. ఏ ఊరివారు పిలిస్తే ఆ ఊరికి పోవడం, తనకు తోచిన కథ చెప్పడం, మరుదినం మరొక ఊరి దారి పట్టడం ఆయన ఎంచుకొన్న బ్రతుకు. దానిలో నిలకడ లేదు గాని స్వేచ్ఛ ఉన్నది.

ఆ నియమానికి పరీక్ష 1919లో వచ్చినది. విజయరామ గజపతి ప్రభువు విజయనగరంలో సంగీత పాఠశాలను నెలకొల్పి, దానికి దాసుగారే ప్రథమాధ్యక్షులుగా ఉండాలని సంకల్పించినాడు. నరుని కొలువనివాడు ప్రభువు పాఠశాలలో ఉద్యోగం చేయుటెట్లు? విజయరామ గానపాఠశాల అన్న పేరులో ప్రభువు పేరుతోపాటు రాముని పేరూ ఉండుటచేత, అది రామసేవయే అని దాసుగారు సమాధానపడినారని చెప్పుకొంటారు. ఏబదియైదవ యేట సంచారికి ఒక నీడ దొరికినది. ద్వారం వేంకటస్వామినాయుడుగారు అప్పుడే అక్కడ వయొలిన్ ఆచార్యులుగా చేరినారు. 1936లో దాసుగారు విరమించినప్పుడు ఆ అధ్యక్షపీఠం ద్వారంవారికే దక్కినది.

గజ్జెల చప్పుడు కొంత తగ్గిన ఆ సంవత్సరాలలో లేఖిని వేగం హెచ్చినది. సంస్కృతాంధ్రాలతో పాటు ఇంగ్లీషు, పారశీకం, అరబ్బీ భాషలు ఆయనకు స్వాధీనం. కాళిదాస షేక్స్పియరుల రచనలలోని రసఘట్టాలను ఒకచోట చేర్చి నవరసతరంగిణి వ్రాసినారు. ఉమర్ ఖయ్యాం రుబాయతులకు ఫిట్జెరాల్డ్ చేసిన ఇంగ్లీషు అనువాదం మూలానికి దూరమని భావించి, పారశీక మూలాన్నీ, ఆ ఇంగ్లీషు పద్యాలనూ సంస్కృతంలోకి, అచ్చతెలుగులోకి మార్చి, అన్నింటినీ పక్కపక్కన నిలిపి 1932లో ప్రకటించినారు. ఇతరుల మాటపై ఆధారపడక మూలాన్ని స్వయంగా పట్టుకోవాలన్న పట్టుదల వేదికపైనా, గ్రంథంలోనూ ఒక్కటే. ముప్పది యేండ్ల వరకు గల తన జీవితాన్ని నా యెరుక అన్న పేరుతో ఆయనే చెప్పుకొన్నారు. అందులో యౌవనపు తప్పటడుగులను కూడా దాచలేదు.

1945 జనవరి 2వ తేదీన విజయనగరంలో దాసుగారు కీర్తిశేషులైనారు. ఆయన హరికథలు ముద్రితమై ఉన్నవి. వాటిని తెరచిన నేటి పాఠకునికి దీర్ఘసమాసాలు, అపురూపమైన అచ్చతెలుగు మాటలు అడుగడుగునా అడ్డుపడును. ఆ కఠిన పదాలే ఒకనాడు పామరులను కూడా కూర్చుండబెట్టినవంటే, వాటికి అర్థం నిఘంటువు చెప్పలేదు. ఆ కంఠంలోని కాకువు, ఆ కన్నుల చూపు, ఆ పాదాల గజ్జె చెప్పినవి. రచయిత, గాయకుడు, నర్తకుడు ఒకే దేహంలో నివసించినప్పుడు కలిగే లాభమూ, ఆ దేహం పోయినప్పుడు కలిగే నష్టమూ రెండూ ఇందులోనే ఉన్నవి. తరువాతి భాగవతులు ఆయన కథలను చెప్పి కీర్తి గడించినారు. అయితే ఆయన చూపిన దారి ఆయన కథలను చెప్పడం కాదు, ఎవరికి వారు తమ కథను తామే కూర్చుకొని చెప్పడం. ఆ దారిన నడిచినవారు కొద్దిమందియే. గజ్జె కట్టబోయే ప్రతి యువ కథకుని ముందూ దాసుగారు ఆ ప్రశ్నగానే నిలిచి ఉన్నారు.