స్వరలిపిలో నిలిచిన కంఠము

శిల్పి గతించినా శిలలో ఆతని చేతివాటము నిలుచును. కవి గతించినా కావ్యము పలుకును. గాయకుని విద్య మాత్రము ఊపిరితో పుట్టి ఊపిరితోనే అణగిపోవును. ధ్వనిముద్రణ యంత్రము పుట్టుటకు ఎనుబదియేండ్లు ముందే కన్నుమూసిన గాయకుని గూర్చి నేడు ఏమి చెప్పగలము? అయినను, 18వ శతాబ్దమున ఫ్రాన్సు దేశపు గేయనాటక రంగమున వెలిగిన పియేర్ జెల్యోత్ కంఠమును గూర్చి కొంత నిశ్చయముగానే చెప్పుటకు వీలున్నది. అదెట్లో ఆయన జీవితమే తెలుపును.

జెల్యోత్ 1713లో ఫ్రాన్సు నైరృతి మూలన, పిరెనీస్ పర్వతముల చేరువనున్న బెయార్న్ సీమలో జన్మించినాడు. అచటి జనుల యింటిభాష రాజధానిలోని ఫ్రెంచి కాదు. దక్షిణదేశమున వాడుకలోనున్న ఆక్సితాన్ భాష. తులూజ్ నగరమున సంగీతము నేర్చి, 20 ఏండ్ల ప్రాయమున, 1733లో పారిస్ గేయనాటకశాలలో చేరినాడు. అదే యేడు అదే రంగముపై మరియొకరు తొలిసారి అడుగిడినారు. ఆయన 50 ఏండ్ల వయస్సున తన మొదటి గేయనాటకమును ప్రదర్శింపజేసిన స్వరకర్త ఝాఁ ఫిలిప్ రామో. ఆ నాటకమున యువకుడైన జెల్యోత్‌కు దక్కినవి చిన్న పాత్రలే. కాని ఆ యిద్దరి కీర్తి అటుపిమ్మట కలిసియే పెరిగినది.

ఇచట ఆ కంఠమును గూర్చి ఒక మాట చెప్పవలెను. ఆనాటి ఇటలీ గేయనాటకములలో వీరనాయకుల పాత్రలు, గొంతు మారకుండ బాల్యముననే శస్త్రచికిత్స చేయబడిన గాయకులకు దక్కెడివి. ఫ్రెంచివారికి తమ నాటకరంగముపై ఆ పద్ధతి రుచింపలేదు. వారు నాయకపాత్రను ఓత్-కోంత్ర్ అను కంఠమునకు ఇచ్చినారు. నేడు కౌంటర్ టెనర్లుగా పేరొందినవారు మిక్కిలిగా మనము దొంగగొంతు అనెడి స్వరముతో పాడుదురు. ఓత్-కోంత్ర్ అట్టిది కాదు. అది పురుషుని సహజకంఠమే. సామాన్యులు ఆగిపోవు చోటును దాటి తారస్థాయిలో తేలికగా సంచరించును. ఆనాటి పారిస్ రంగశాల శ్రుతి నేటి శ్రుతికంటె సుమారు ఒక పూర్తిస్వరము తక్కువగా ఉండుటయు ఆ గాయకులకు తోడ్పడినది.

1739లో రామో రచించిన దర్దానూస్ నాటకమున నాయకపాత్ర జెల్యోత్‌ది. 1749లో పారసీక ప్రవక్త జరతుష్ట్రుని పేర వెలసిన నాటకమునను నాయకుడు ఆయనయే. ఈ రెంటి నడుమ, 1745 మార్చి 31న, వర్సాయి రాజప్రాసాదమున, యువరాజు వివాహోత్సవములలో ప్రదర్శింపబడినది ప్లాతే అను హాస్యనాటకము. అందు ప్లాతే ఒక బురదమడుగునకు రాణియైన అనాకారి జలకన్య. లోకమెల్ల తనను ప్రేమించుచున్నదని ఆమె భ్రమ. భార్య అసూయను మాన్పుటకై దేవరాజు జూపిటర్ ఈమెను వరించినట్లు నటించును. కపటవివాహము జరుగును. నిజము తేలిన పిదప అందరును పకపక నవ్వుచుండగా ఆమె అవమానముతో మడుగునకు పరుగిడును.

వీరులను, ప్రేమికులను పాడి రాజసభల మన్ననలందిన గాయకుడు, కీర్తి శిఖరమున నున్నప్పుడే, స్త్రీవేషము ధరించి ఈ నగుబాటు పాత్రను పాడినాడు. ఇది సామాన్యమైన సాహసము కాదు. కప్పల బెకబెకలు సంగీతమున వినిపించు ఆ నాటకములో గాయకుడు వికృతముగా పాడిన నవ్వు పుట్టును గాని జాలి పుట్టదు. మరీ మధురముగా పాడిన హాస్యము చెడును. రామో ఆ పాత్రకు రెండును కావలెనని వ్రాసినాడు. చిత్రకారుడు కోయ్‌పెల్ ఆ వేషమున జెల్యోత్‌ను చిత్రించినాడు. ఆ పటము నేటికిని కలదు.

1752లో ఫోంతెన్‌బ్లో రాజమందిరమున రూసో స్వయముగా సంగీతము కూర్చిన పల్లెజోస్యుని నాటకమున జెల్యోత్ గొల్లపడుచువానిగా, మరీ ఫెల్ అను గాయని ఆతని ప్రియురాలిగా పాడినారు. 15వ లూయీ ఆ పాటకు ముగ్ధుడై దినమంతయు శ్రుతి తప్పి పాడుకొనుచున్నాడని జెల్యోత్ తనకు తెలిపినట్లు రూసో తన ఆత్మకథలో చెప్పినాడు. రెండేండ్లకు, 1754లో, మోన్దోన్విల్ రచించిన దఫ్నీస్, అల్సిమదూర్ల కథ ప్రదర్శింపబడినది. దాని భాష ఆక్సితాన్. దక్షిణసీమవారైన జెల్యోత్, ఫెల్ అందు నాయికానాయకులు. పల్లెమాటయని పారిస్ నాగరికులు చిన్నచూపు చూచు భాషను రాజు సమక్షమున పాడు భాగ్యము ఆయనకట్లు లభించినది.

మరుసటి యేడు, 42 ఏండ్ల వయస్సున, గొంతు ఇంకను బాగుండగానే పారిస్ రంగమును విడిచినాడు. 1765 వరకు రాజసభా ప్రదర్శనలలో మాత్రము పాడినాడు. కోంతి ప్రభువు మందిరమున జరిగిన ఒక తేనీటి విందును ఒలివియే అను చిత్రకారుడు 1766లో చిత్రించినాడు. అందు పదేండ్ల మోజార్ట్ వాద్యము ముందు కూర్చుండగా, గిటారు చేతబట్టిన జెల్యోత్ కనిపించును. పిదప ఆయన స్వస్థలము చేరుకొన్నాడు. విప్లవము వచ్చి, తాను పాడిన రాజసభలు కూలిపోయిన తరువాతగూడ జీవించి, 1797లో, 84వ యేట బెయార్న్ సీమలోనే కన్నుమూసినాడు. రంగమును విడుచుటకు ముందు 42 ఏండ్లు, తరువాత మరి 42 ఏండ్లు.

ఆయన నోటి స్వరమొక్కటియు మనకు వినబడదు. కాని రామో ఎదుటనున్న గాయకుని ఎరిగి వ్రాసిన స్వరకర్త. ఆ కంఠము ఎంత యెత్తునకు పోగలదో, ఊపిరి ఎంతసేపు నిలువగలదో, ఏ స్వరముపై మెత్తబడునో ఆ స్వరలిపి పుటలలో కొలతవేసినట్లున్నది. 1956లో ఎక్స్-ఆన్-ప్రొవాన్స్ ఉత్సవమున ప్లాతే నాటకమును మరల ప్రదర్శించినప్పుడు నాయికను పాడిన మిషెల్ సెనెషాల్ ఆ కొలతకు తన గొంతును సరిచేసికొనవలసివచ్చినది. నేడు ఆ పాత్రను చేపట్టు ప్రతి గాయకునికిని అదే పరీక్ష.