కంచు రావి ఆకు: మోక్షగుండం విశ్వేశ్వరయ్య జీవితం

భారతరత్న పతకం బంగారంతో చేసింది కాదు. రావి ఆకు ఆకారంలో ఉండే కంచు పతకం అది. మధ్యలో ప్లాటినంతో చేసిన సూర్యుడు ఉంటాడు, దాని కింద దేవనాగరి లిపిలో భారతరత్న అని ఉంటుంది. 1955లో ఆ పతకం అందుకున్న ముగ్గురిలో నెహ్రూ, భగవాన్ దాస్‌లతో పాటు మోక్షగుండం విశ్వేశ్వరయ్య కూడా ఒకరు.

ఆయన పుట్టిన ముద్దేనహళ్లి మన తనకల్లుకు మరీ దూరమేమీ కాదు. చిక్కబళ్లాపురం దగ్గర, నంది కొండల కింద ఉంటుంది. ఆ కొండల వైపు పుట్టిన పాపాగ్నే సరిహద్దు దాటి మన వైపు వస్తుంది. ఇంటిపేరు మాత్రం గిద్దలూరు దగ్గరి మోక్షగుండం ఊరిది. తెలుగు మాట్లాడే కుటుంబం. చిన్నప్పుడే తండ్రి పోయారు. పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ బెంగళూరు సెంట్రల్ కాలేజీలో చదివి, పూణేలో ఇంజనీరింగ్ పూర్తి చేసి, 1884లో బొంబాయి ప్రభుత్వ ఉద్యోగంలో చేరారు.

దక్కన్‌లో కాలువ నీళ్లు పైనున్న పొలాలకే దక్కి, కిందివాళ్లకు అందకుండా పోయేవి. పొలాలను బ్లాకులుగా చేసి, వంతుల వారీగా నీళ్లు వదిలే పద్ధతిని ఆయన తెచ్చారు. ఉన్న నీళ్లను పంచుకోవడమే అందులో కిటుకు. ఖడక్‌వాస్లా జలాశయానికి తనంతట తానే తెరుచుకునే గేట్లు కూడా ఆయన ఆలోచనే.

1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచేసింది. వేలమంది చనిపోయారు. మరుసటి ఏడాది నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం ఆయన్ను పిలిపించింది. నగరానికి ఎగువన రెండు జలాశయాలు కట్టి వరదను ఆపాలని ఆయన సలహా ఇచ్చారు. మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అలా వచ్చినవే. వరదను ఆపడానికి కట్టిన ఆ చెరువులే తర్వాత హైదరాబాద్‌కు తాగునీళ్లూ ఇచ్చాయి.

1912 నుంచి 1918 వరకు మైసూరు దివాన్‌గా ఉన్నారు. కృష్ణరాజసాగర్ డ్యామ్ పని, మైసూరు బ్యాంకు, మైసూరు యూనివర్సిటీ, గంధపు నూనె, సబ్బు ఫ్యాక్టరీలు ఆ రోజుల్లోవే. పరిశ్రమలు లేకపోతే దేశానికి బతుకు లేదని ఆయన గట్టి నమ్మకం. తర్వాత భద్రావతి ఇనుప ఫ్యాక్టరీ బాధ్యత తీసుకుని దాన్ని నిలబెట్టారు.

ఆయన పేరుతో పాటు చెప్పుకోవాల్సిన ఇంకో విషయం కూడా ఉంది. బ్రాహ్మణేతరులకు, ముస్లింలతో సహా, సర్కారు కొలువుల్లో వాటా ఇవ్వాలన్న ఆలోచనతో మహారాజు 1918లో మిల్లర్ కమిటీ వేశారు. ప్రతిభ ఒక్కటే చూడాలన్నది విశ్వేశ్వరయ్య వాదన. ఆ విభేదంతోనే దివాన్ పదవి వదిలేశారు. కానీ చదువు తలుపే తెరుచుకోని ఇళ్లలో ప్రతిభ ఎలా బయటపడుతుందన్న ప్రశ్నకు ఆ వాదనలో జవాబు దొరకదు. మైసూరు మాత్రం వాటా దారే పట్టింది. 1926లో దివాన్ అయిన సర్ మీర్జా ఇస్మాయిల్ పరిశ్రమల పనిని అదే పట్టుదలతో ముందుకు నడిపించారు.

విశ్వేశ్వరయ్య 1962 ఏప్రిల్‌లో బెంగళూరులో కన్నుమూశారు. ఆయన పుట్టిన సెప్టెంబర్ 15ను దేశమంతా ఇంజనీర్ల దినంగా జరుపుకుంటోంది.

వాన మీదే ఆశ పెట్టుకుని వేరుశనగ వేసే మన మెట్ట సీమలో ఆయన్ను తలచుకోవాల్సింది ఆ కంచు పతకం కోసం కాదు. ఎగువవాడు తన వంతు తీసుకుని దిగువవాడికి నీళ్లు వదలాలన్న ఆ బ్లాకు పద్ధతి కోసం.