త్రయంబకం బిడ్డ... తెర మీద చేతి మాయ

త్రయంబకం అనగానే మనవాళ్లకు జ్యోతిర్లింగం గుర్తొస్తుంది, ఆ తర్వాత బ్రహ్మగిరి మీద గోదావరి పుట్టుక. యానాం దగ్గర సముద్రంలో కలిసే ఆ నదికి పుట్టిల్లయిన ఊళ్లోనే 1870 ఏప్రిల్ 30న ధుండిరాజ్ గోవింద్ ఫాల్కే పుట్టారు. భారతీయ సినిమాకు పితామహుడని దేశమంతా చెప్పుకునే దాదాసాహెబ్ ఫాల్కే ఆయనే. నాసిక్‌లో దిగి గుడికి వెళ్లే తెలుగు యాత్రికుల్లో ఈ సంగతి ఎంతమందికి తెలుసో!

ఫాల్కే అంటే 'రాజా హరిశ్చంద్ర' అని చెప్పి ఊరుకుంటాం. అంతకుముందు నలభై ఏళ్లపాటు ఆయన చేతులు ఏమేం నేర్చాయో చూస్తేగానీ అసలు విషయం బోధపడదు. స్టూడియో లేదు, నేర్పిన గురువు లేడు, చేతిలో డబ్బు లేదు. అయినా తెర మీద హనుమంతుడు ఎగిరాడు, లంక తగలబడింది.

నాటకశాల బొమ్మకు బంగారు పతకం

తండ్రి దాజీశాస్త్రి సంస్కృత పండితుడు. బొంబాయి విల్సన్ కాలేజీలో ఉద్యోగం రావడంతో కుటుంబం అక్కడికి మారింది. కొడుక్కి మాత్రం బొమ్మల మీదే ధ్యాస. 1885లో జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరారు. తర్వాత బరోడా కళాభవన్‌లో చిత్రలేఖనం, శిల్పం, భవనాల నమూనాలు, ఫొటోగ్రఫీ... కంటికి కనిపించిందల్లా నేర్చుకున్నారు. 1892లో అహ్మదాబాద్ పారిశ్రామిక ప్రదర్శనకు, మంచి నాటకశాల ఎలా ఉండాలో చూపే చిన్న నమూనా చేసి పెడితే బంగారు పతకం దక్కింది.

నమూనా చేసేవాడికి ఒక లెక్క అలవడుతుంది. చూసే కన్ను ఎక్కడుంది, అక్కడి నుంచి ఏది పెద్దగా కనబడుతుంది, ఏది చిన్నగా కనబడుతుంది అన్నదే ఆ లెక్క. సినిమా ట్రిక్కులన్నిటికీ పునాది ఇదే. కెమెరాకు ఒకటే కన్ను. దగ్గర పెట్టిన మూరెడు మేడా, దూరాన ఉన్న నిజం మేడా దానికి తేడా తెలియదు. ఫాల్కేకు ఈ లెక్క సినిమా పుట్టకముందే వచ్చేసింది.

బతుకు మాత్రం ఒకచోట నిలవలేదు. గోధ్రాలో ఫొటో స్టూడియో పెట్టారు. ప్లేగు మొదటి భార్యనూ బిడ్డనూ పొట్టన పెట్టుకుంది. ఫొటో తీస్తే ఒంట్లో సత్తువ లాగేస్తుందని జనం భయపడే రోజులవి, ఆ వ్యాపారమూ సాగలేదు. నాటకాలకు తెరలు రాశారు. 1903లో పురావస్తు శాఖలో చేరి కొన్నాళ్లకు మానేశారు. రవివర్మ బొమ్మల ముద్రణకు పనిచేశారు. సొంత ప్రెస్సు పెట్టి, జర్మనీ వెళ్లి యంత్రాలు చూసొచ్చి, భాగస్వాములతో పడక బయటికొచ్చేశారు. మధ్యలో ఇంద్రజాలం కూడా నేర్చి, తన ఇంటిపేరునే తిరగేసి 'ప్రొఫెసర్ కెల్ఫా' పేరుతో ప్రదర్శనలిచ్చారు. చుట్టాలకు ఇదంతా నిలకడలేనితనంగానే కనిపించి ఉంటుంది. సినిమాకు కావాల్సిన పనులన్నీ ఆయన చేతికి అబ్బింది ఈ తిరుగుళ్లలోనే.

కుండీలో బఠాణీ మొక్క

1911 ప్రాంతంలో బొంబాయిలో క్రీస్తు జీవితం మీద ఒక సినిమా చూశారు. ఏసు ఉన్నచోట కృష్ణుడు, రాముడు కనబడితే ఎలా ఉంటుందన్న ఆలోచన ఆయన్ని నిద్రపోనివ్వలేదు. దొరికిన సినిమా అల్లా చూసీ చూసీ కళ్లు దెబ్బతిన్నాయి. కొన్నాళ్లు చూపే పోయి, వైద్యంతో తిరిగొచ్చింది. బీమా పాలసీలు తాకట్టు పెట్టి 1912లో లండన్ వెళ్లారు. అక్కడ సెసిల్ హెప్‌వర్త్ స్టూడియోలో పని చూశారు. విలియంసన్ కెమెరా, ఫిల్ముకు అంచుల్లో రంధ్రాలు వేసే యంత్రం కొనుక్కొచ్చారు.

అయితే నమ్మి డబ్బు పెట్టేదెవరు? ఫాల్కే ఒక కుండీలో బఠాణీ గింజ నాటి ఎదురుగా కెమెరా బిగించారు. నెలకు పైగా ఒక్కో ఫ్రేము తీస్తూ పోయారు. తెర మీద వేస్తే గింజ పగిలి, మొలకెత్తి, తీగ పాకడం కాసేపట్లోనే జరిగిపోయింది. నటులు లేరు, సెట్టు లేదు. కుండీ, గింజ, ఓపిక, అంతే పెట్టుబడి. అది చూసినవాళ్లు అప్పిచ్చారు. చాలనిదానికి భార్య సరస్వతీబాయి నగలు వెళ్లాయి.

సరస్వతీబాయి సంగతి ఒక వాక్యంతో సరిపెట్టేది కాదు. ఫిల్ము రంధ్రాలు లేకుండా వచ్చేది. చీకటిగదిలో కూర్చుని అడుగడుగునా రంధ్రాలు వేసింది ఆమే. రసాయనాలు కలిపింది, ఎండకు అడ్డంగా తెల్ల దుప్పట్లు పట్టుకుంది, యూనిట్ మొత్తానికి వండిపెట్టింది. ఆరు నెలల ఇరవై ఏడు రోజులు దాదర్ ఇంట్లో ఇదే తంతు. వేషం కట్టడానికి ఆడవాళ్లెవరూ ఒప్పుకోకపోతే, హోటల్లో వంట చేసే సాళుంకే అనే కుర్రాడికి చీర కట్టి తారామతిని చేశారు. లోహితుడి వేషం సొంత కొడుకుదే. 1913 మే 3న బొంబాయి కొరొనేషన్‌లో బొమ్మ పడింది. బొంబాయి జనం విరగబడి చూశారు.

కంసుడి తల ఎగిరింది

ఆ ఏడే మకాం నాసిక్‌కు మారింది. 1917లో 'లంకాదహన్' వచ్చింది. రాముడూ సీతా ఇద్దరూ సాళుంకేనే! మద్రాసులో వసూలైన చిల్లర డబ్బులను పోలీసు కాపలాతో ఎడ్లబండి మీద తీసుకెళ్లారని చెబుతారు. 1918లో 'శ్రీకృష్ణ జన్మ', మరుసటేడు 'కాళీయమర్దన్'. రెండింటిలోనూ బాలకృష్ణుడు ఆయన కూతురు మందాకినే.

'శ్రీకృష్ణ జన్మ'లో భయంతో వణికే కంసుడి తల మొండెం నుంచి విడిపోయి గాల్లోకి లేస్తుంది, మళ్లీ వచ్చి మెడ మీద కూర్చుంటుంది. చుట్టూ ఎటు చూసినా కృష్ణులే. అప్పట్లో ఇలాంటివి చేసే పద్ధతి వింటే తేలిక, చేస్తే నరకం. కొంత భాగం నల్లగా కప్పి ఒకసారి తీస్తారు. అదే ఫిల్మును వెనక్కి తిప్పి, కప్పినచోటు తెరిచి రెండోసారి తీస్తారు. చేత్తో తిప్పే కెమెరా కాబట్టి లెక్క తప్పితే ముక్క మొత్తం పారేయాల్సిందే. మనిషి మాయం కావాలంటే కెమెరా ఆపి, పక్కకు తప్పించి, మళ్లీ తిప్పడమే.

యుద్ధం రోజుల్లో డబ్బు పెట్టేవాళ్లు వెనక్కి తగ్గితే చిన్న బొమ్మలకు దిగారు. అగ్గిపుల్లల్ని ఒక్కో ఫ్రేముకు కొంచెం కొంచెం జరిపి వాటంతటవే ఆడుతున్నట్టు చూపించారు. నాణేలతోనూ అదే పని. ఇవాళ స్టాప్ మోషన్ పేరుతో పిల్లలు సెల్‌ఫోన్లో చేసే ఆట అదే.

1918లో భాగస్వాములతో కలిసి హిందుస్థాన్ సినిమా ఫిల్మ్స్ కంపెనీ పెట్టారు. కష్టాలు అక్కడే మొదలయ్యాయి. వాళ్లకు లెక్కలు కావాలి, ఈయనకు బొమ్మ కుదరాలి. తప్పంతా వాళ్లదే అనలేం, ఖర్చు విషయంలో ఫాల్కే ఒకరి మాట వినే మనిషి కాదు. విసిగి కాశీ వెళ్లిపోయి నాటకం రాసుకున్నారు. మళ్లీ పిలిస్తే వచ్చారు గానీ పట్టు పాతది కాదు. 'సేతుబంధన్' మూకీగా పూర్తయ్యేసరికి దేశంలో మాట్లాడే సినిమాలు వచ్చేశాయి. తర్వాత దానికి మాటలు అతికించారు. కొల్హాపూర్ కంపెనీకి 1937లో తీసిన 'గంగావతరణ్' ఆయన మొదటి టాకీ, ఆఖరి సినిమా కూడా. 1944 ఫిబ్రవరి 16న నాసిక్‌లో కన్నుమూసేనాటికి పరిశ్రమ ఆయన్ని దాదాపు మరిచిపోయింది.

పనితనం మాత్రం ఆగలేదు. 1957 'మాయాబజార్' కోసం మద్రాసులో గోఖలే, కళాధర్ ద్వారకా నగరాన్ని బొమ్మ ఇళ్లతో కట్టి, వాటిలో దీపాలు వెలిగించారు. ఆ సినిమా నిర్మాతల్లో ఒకరైన బి.నాగిరెడ్డికి 1986కు ఫాల్కే పేరిట ఇచ్చే పురస్కారం వచ్చింది. కరీంనగర్ నుంచి బొంబాయి వెళ్లి మూకీల కాలంలోనే హీరో అయిన పైడి జైరాజ్‌కు అంతకుముందే, 1980కి ఇచ్చారు.

ఫాల్కే తీసిన వంద దాకా సినిమాల్లో మిగిలినవి కొన్ని ముక్కలే, పుణె ఫిల్మ్ ఆర్కైవ్‌లో భద్రపరిచారు. 'కాళీయమర్దన్' మాత్రం చాలావరకు దక్కింది. దాని మొదట్లో మందాకిని మామూలు పిల్లలా కనబడి, రకరకాల ముఖాలు పెట్టి, చూస్తుండగానే కృష్ణుడిగా మారిపోతుంది.