చెవిలోని త్రాసు: రాబర్ట్ బారాని జీవితం

కన్ను, చెవి, ముక్కు, నాలుక, చర్మం. పంచేంద్రియాల పేర్లు చిన్నప్పుడే పలక మీద దిద్దుకున్నాం. ఇవికాక ఇంకొకటి మన ఒంట్లో ఉందనీ, మనల్ని నిటారుగా నిలబెట్టేది అదేననీ అప్పుడెవరూ చెప్పలేదు. అది సవ్యంగా పనిచేసినన్నాళ్ళూ దాని ఊసే మనకు పట్టదు. అది చెడిన రోజున మాత్రం మంచం మీద పడుకున్న మనిషికి కూడా ఇల్లు గిర్రున తిరుగుతుంది.

మూడేళ్ళ కిందట మా నాయనమ్మకి అదే జరిగింది. గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని జానెడు గట్ల మీద జీవితమంతా నడిచిన మనిషి. ఒకనాటి తెల్లవారుజామున పక్క మీద ఇటు నుంచి అటు ఒత్తిగిలగానే గోడలు తిరుగుతున్నాయంటూ మంచంపట్టె గట్టిగా పట్టుకుంది. పైత్యం అన్నారు కొందరు, దిష్టి అన్నారు కొందరు. అల్లంరసం అయింది, తాయెత్తు అయింది. ముసలితనంలో ఇవన్నీ మామూలేలే అని మేమూ ఊరుకున్నాం. నెల రోజులు ఆవిడ గడప దాటలేదు. చివరికి పట్నంలో ఒక చెవి డాక్టరుగారు ఆవిడని బల్ల మీద కూర్చోబెట్టి, తల ఒక పక్కకి తిప్పి, గబుక్కున వెనక్కి పడుకోబెట్టి, ఆవిడ కళ్ళలోకి చూశారు. తరవాత తలని ఒక వరసలో మెల్లగా తిప్పి లేపి కూర్చోబెట్టారు. అంతా కలిపి పావుగంట. తిరుగుడు పోయింది. చెవి డాక్టరు కళ్ళలోకి చూడడమేమిటండీ అని నేనడిగితే, అది నేర్పిన మనిషి వేరే ఉన్నాడంటూ ఆయన చెప్పిన పేరు రాబర్ట్ బారాని. ఆ పేరు వెంటబడి నేను తెలుసుకున్నది తోటి విద్యార్థులతో పంచుకోవాలని ఈ వ్యాసం.

బారాని 1876 ఏప్రిల్ 22న ఆస్ట్రియా రాజధాని వియన్నాలో పుట్టాడు. తండ్రి ఒక వ్యవసాయ ఎస్టేటుకు మేనేజరు. ఆరుగురు పిల్లల్లో ఇతనే పెద్దవాడు. చిన్నతనంలోనే ఎముకల క్షయ సోకింది. ప్రాణం దక్కింది కాని మోకాలి కీలు శాశ్వతంగా బిగుసుకుపోయింది. జీవితాంతం ఆ కాలు వంగలేదు. మనుషులు ఎలా నిలబడతారు, ఎలా తూలతారు, ఎటు పడతారు అని తరవాత ప్రపంచానికి చెప్పినవాడు, తాను ఒక కాలు బిగబట్టి నడిచిన మనిషే! అయినా ఆయన ఒక మూల కూర్చోలేదు. టెన్నిస్ ఆడాడు, కొండలెక్కాడు, బడిలో ఎప్పుడూ మొదటివాడుగానే ఉన్నాడు. ఆ జబ్బే అతని మనసును వైద్యం వైపు తిప్పిందని అంటారు.

1900లో వియన్నా విశ్వవిద్యాలయంలో వైద్యపట్టా పుచ్చుకున్నాడు. జర్మనీ వెళ్ళి ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఫాన్ నూర్డెన్ దగ్గర, హైడెల్బర్గ్‌లో మానసిక వైద్యుడు క్రెపెలిన్ దగ్గర పాఠాలు విన్నాడు. తిరిగి వచ్చి కొన్నాళ్ళు శస్త్రచికిత్స నేర్చాడు. 1903లో వియన్నాలోని చెవి వైద్యశాలలో పొలిట్జర్ అనే మహావైద్యుని కింద చిన్న ఉద్యోగంలో చేరాడు. అసలు కథ అక్కడ మొదలైంది.

ఆ కథ తెలియాలంటే ముందు చెవి లోపలి సంగతి కొంత తెలియాలి. లోపలి చెవిలో మూడు అర్ధవర్తుల కుల్యలున్నాయి. ఒక్కొక్కటి ఒక్కొక్క తలంలో, ఒకదానికొకటి ఇంచుమించు లంబంగా ఉంటాయి. వాటి నిండా అంతర లసిక అనే ద్రవం. మనం తల తిప్పితే కుల్య తిరుగుతుంది, ద్రవం కొంచెం వెనకబడుతుంది. ఆ తేడాను అక్కడి సన్నని రోమకణాలు పసిగట్టి మెదడుకు కబురు పెడతాయి. ఆడపిల్లలు ఒప్పులకుప్ప ఆడి టక్కున ఆగితే లోకం ఇంకా తిరుగుతూనే ఉంటుంది కదా, అది ద్రవం ఇంకా ఆగకపోవడం వల్లనే. కుల్యల పక్కనే సున్నపు రేణువులున్న రెండు చిన్న సంచులున్నాయి. ఏది కింద, ఏది పైన అని చెప్పేవి అవి. రాత్రిపూట బురదగట్టు మీద దీపం లేకుండా నడిచే రైతుని కింద పడనీయనివి మూడు: అరికాలి స్పర్శ, మసక చూపు, చెవిలోని ఈ త్రాసు.

కుల్యలను గురించి మొదట చెప్పినవాడు బారాని కాదు. ఫ్రాన్సులో ఫ్లూరాన్స్ 1820లలోనే పావురాల కుల్యలు కోసి, అవి తూలడం చూశాడు. 1870లలో మాక్, బ్రాయర్ మొదలైనవారు ద్రవం కదలిక సిద్ధాంతం చెప్పారు. కాని అవన్నీ పావురాలకూ పుస్తకాలకూ సంబంధించిన సంగతులు. ఎదురుగా కూర్చున్న రోగి కుడిచెవి త్రాసు చెడిందా, ఎడమచెవిది చెడిందా అని తేల్చే మార్గం వైద్యుల చేతిలో లేదు. అప్పట్లో అది ప్రాణం మీదికొచ్చే ప్రశ్న. యాంటీబయాటిక్స్ లేని రోజులు. చెవిలో చీము లోపలికి పాకితే మెదడుకు ఎక్కుతుంది, మనిషి పోతాడు. కత్తి పట్టాలా వద్దా అని నిర్ణయించడానికి లోపలి చెవి బతికి ఉందో లేదో తెలియాలి.

చెవులు కడగడం బారాని రోజువారీ పని. పిచికారీతో నీళ్ళు కొడితే కొందరు కళ్ళు తిరుగుతున్నాయని చెప్పేవారు. ఇది అందరు వైద్యులూ వింటున్న మాటే, విని పక్కన పెడుతున్న మాటే. బారాని మాత్రం వాళ్ళ కళ్ళలోకి చూశాడు. కనుగుడ్లు ఒక పక్కకి మెల్లగా జరిగి, రెండో పక్కకి చటుక్కున ఎగురుతున్నాయి. దీన్నే నిస్టాగ్మస్ అంటారు. ఒకరోజు ఒక రోగి, నీళ్ళు చాలినంత వెచ్చగా లేనప్పుడే తనకు తిప్పుతుందనీ, ఇంట్లో వెచ్చని నీళ్ళతో కడుక్కుంటే ఏమీ కాదనీ చెప్పాడు. బారాని నర్సును పిలిచి ఇంకా వేడి నీళ్ళు తెమ్మన్నాడు. సరిపడా వేడిగానే ఉన్నాయని ఆమె వాదించినా, రోగి మాటే చెల్లనీయమన్నాడు. మరోసారి ఆమె బాగా వేడి నీళ్ళు తెచ్చింది. మరీ కాలుతోందనీ, మళ్ళీ కళ్ళు తిరుగుతున్నాయనీ రోగి కేక వేశాడు. బారాని గబగబా కళ్ళు చూశాడు. ఈసారి కనుగుడ్లు సరిగ్గా వ్యతిరేక దిక్కుకు ఎగురుతున్నాయి!

ఆ క్షణంలోనే ఆయనకు కారణం తోచింది. చల్లబడ్డ ద్రవం బరువెక్కి కిందికి దిగుతుంది, వేడెక్కినది తేలికై పైకి లేస్తుంది. మనం హైస్కూల్లో సంవహనం అని చదువుకున్నదే ఇది. నీళ్ళు ఒంటి వేడితో సమానంగా ఉంటే ద్రవం కదలదు, తల తిరగదు. తల భంగిమ తలకిందులు చేస్తే కనుగుడ్ల దిక్కు కూడా మారాలి. చేసి చూస్తే మారింది. 1906 నుంచి ఈ ఫలితాలు ప్రచురించాడు. కాలోరిక్ పరీక్ష అనే ఈ పద్ధతితో ఒక్కొక్క చెవినీ విడివిడిగా పరీక్షించడం సాధ్యమైంది. గ్లాసెడు నీళ్ళు, చూసే కన్ను. అంతకు మించి సాధనం అక్కర్లేదు.

అక్కడితో ఆగలేదు. రోగిని కుర్చీలో కూర్చోబెట్టి 20 సెకన్లలో పదిచుట్లు తిప్పి ఆపి కళ్ళు చూశాడు. ఆ కుర్చీకి ఆయన పేరే నిలిచింది. మబ్బుల్లో చిక్కుకుంటే చెవి ఎలా మోసం చేస్తుందో విమానచోదకులకు నేర్పడానికి ఇప్పటికీ అలాంటి కుర్చీలే వాడుతున్నారు. కళ్ళు మూసుకుని చెయ్యెత్తి దించి డాక్టరు వేలిని తాకమనే పరీక్ష కూడా ఆయనదే. వేలు పక్కకి తప్పితే చిన్నమెదడులో గాని, చెవిలో గాని లోపం వెతకాలి. చెవి, చిన్నమెదడు, కండరాలు ఈ మూడింటినీ ఒక తాడుతో కట్టి చూపించడం ఆయన చేసిన పెద్దపని.

1914లో మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. కాలు వంగని మనిషిని సైన్యం పిలవలేదు. తానే స్వచ్ఛందంగా వెళ్ళి ప్షెమిష్ల్ అనే కోటలో శస్త్రవైద్యుడుగా చేరాడు. తలకు తూటా తగిలినవాళ్ళకు వైద్యం చేస్తూ, మెదడు గాయాలకూ తూలుడుకూ ఉన్న సంబంధం పరిశీలించాడు. 1915 మార్చి 22న కోట రష్యన్ల వశమైంది. పట్టుబడిన లక్షకు పైగా సైనికుల్లో బారాని ఒకడు. మధ్య ఆసియాలో, ఇప్పటి తుర్క్‌మెనిస్తాన్‌లో ఉన్న మెర్వ్ ఖైదీల శిబిరానికి పంపారు. అక్కడ మలేరియా పట్టుకుంది.

ఆ శిబిరంలోనే, 1914వ సంవత్సరపు వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి తనకు వచ్చిందనే వార్త ఆయనకు అందింది. ఆ ఏడు ఆపి ఉంచిన బహుమతిని 1915లో ప్రకటించారు. నోబెల్ గ్రహీత ముళ్ళతీగ వెనకాల ఖైదీ! స్వీడన్ యువరాజు కార్ల్ రెడ్‌క్రాస్ తరఫున పూనుకుని రష్యాతో మాట్లాడాక 1916లో విడుదల దొరికింది. అదే సంవత్సరం స్టాక్‌హోంలో స్వీడన్ రాజు చేతుల మీదుగా బహుమతి అందుకున్నాడు.

ఇంటికి వచ్చినవాడికి పూలదండలు ఎదురవుతాయనుకుంటాం. వియన్నాలో ఎదురైనవి నిందలు. ఇతరుల కృషిని తన రాతల్లో చాలినంతగా పేర్కొనలేదని సహచరులే ఆరోపించారు. చల్లనీళ్ళకు తల తిరుగుతుందని ముందే గమనించినవాళ్ళు ఉన్నమాట నిజమే. కాని దానికి నియమం కనిపెట్టి, కారణం వెతికి, రోగికి పనికొచ్చే పరీక్షగా మలిచినవాడు బారానియే. మనసు విరిగి 1917లో స్వీడన్ వెళ్ళి ఉప్సాలా విశ్వవిద్యాలయంలో చేరాడు. మిగతా జీవితం అక్కడే గడిచింది. కొడుకులిద్దరూ వైద్యరంగంలోనే స్థిరపడ్డారు. 1936 ఏప్రిల్ 8న, అరవయ్యో పుట్టినరోజు రెండు వారాలుందనగా కన్నుమూశాడు.

1921లో ఉప్సాలాలో ఉండగా ఆయన ఒక రోగిని వర్ణించాడు. తల ఒక పక్కకి పెట్టి పడుకుంటే చాలు, లోకం తిరిగే జబ్బు. లోపం సున్నపు రేణువుల సంచిలో ఉందని ఆయన ఊహ. ఆ రేణువులు జారి కుల్యలో పడతాయనీ, తలను వరసగా తిప్పి వాటిని వెనక్కి పంపవచ్చనీ తేల్చింది తరవాతి తరాలు. మా నాయనమ్మ జబ్బు అదే. పైత్యమూ కాదు, దిష్టీ కాదు, ముసలితనపు సణుగుడూ కాదు.

కథ ఇక్కడితో అయిపోలేదు. బారాని పోయిన 47 ఏళ్ళకు, 1983 నవంబరు 28న కొలంబియా షటిల్ స్పేస్‌లాబ్ అనే ప్రయోగశాలను మోసుకుని అంతరిక్షానికి వెళ్ళింది. భారరహిత స్థితిలో వేడిది పైకి లేవడం, చల్లనిది కిందికి దిగడం ఉండవు. బారాని చెప్పిన సంవహనమే ఏకైక కారణమైతే అక్కడ ఈ పరీక్ష పనిచేయకూడదు. వ్యోమగాముల చెవులకు వేడి, చల్లదనం తగిలించి చూశారు. కనుగుడ్లు అక్కడా కదిలాయి! శాస్త్రజ్ఞులు నివ్వెరపోయారు. భూమి మీద సంవహనమే ముఖ్యకారణమనీ, దానితోపాటు వేడికి సంబంధించిన వేరే ప్రభావం కూడా ఉందనీ ఇప్పుడు ఒప్పుకుంటున్నారు. అంటే ఆయన చెప్పిన కారణం సగమైంది, చూసిన సంగతి మాత్రం చెక్కు చెదరలేదు.

అంతరిక్షం నుంచి దిగినవాళ్ళ నడక చూస్తే ఈ త్రాసు విలువ మనకింకా బాగా తెలుస్తుంది. కింద ఏదో పైన ఏదో చెప్పే బరువు లేక, చెవి మాటను పక్కన పెట్టడం మెదడు నేర్చుకుంటుంది. దిగిన తరవాత కాళ్ళు ఎడంగా వేసి నడుస్తారు, మలుపు దగ్గర తూలతారు, కళ్ళు మూసుకుని నిలబడలేరు. మెల్లగా మళ్ళీ నేర్చుకుంటారు. వాళ్ళను పరీక్షించేవాళ్ళు బారాని లాగే ఇప్పటికీ కళ్ళలోకే చూస్తారు.

మిత్రులారా! మనం లాబ్‌లో లెక్క కుదరకపోతే రికార్డులో అంకె దిద్దేస్తాం. పేషెంటు మాట, పల్లెటూరి మాట, ముసలివాళ్ళ మాట అయితే సగం విని తోసేస్తాం. నీళ్ళు చల్లగా ఉన్నాయన్న ఒక రోగి మాటను నమ్మి, నర్సు వాదించినా వినకుండా, కళ్ళలోకి చూసిన మనిషి ఒక శాస్త్రానికే పునాది వేశాడు. సిద్ధాంతాన్ని రేపు ఎవరైనా సవరించవచ్చు. సరిగ్గా చూసి ఉన్నదున్నట్టు రాసినదాన్ని ఎవరూ చెరపలేరు.

మా నాయనమ్మ ఇప్పుడు మళ్ళీ గట్టు మీద నడుస్తోంది. బారాని పేరు ఆవిడకు నోరు తిరగదు. ఆ నెల రోజులూ ఆవిడ మాట వినిపించుకోని మనవడుగా, ఆ మహనీయునికి ఆవిడ తరఫున కూడా నేనే నమస్కరిస్తున్నాను.