జేసీబీ అనేది ఒక మనిషి పేరు

మదనపల్లెలో చిన్నపిల్లోడిని అడిగినా జేసీబీ అంటే ఏంటో చెప్తాడు. పసుపు రంగు, ముందు పెద్ద బకెట్, వెనక తవ్వే చెయ్యి. చెయిన్ల మీద నడిచేదాన్ని మనవాళ్ళు ప్రొక్లెయిన్ అంటారు, అది ఫ్రాన్సులో ఒక కంపెనీ పేరు. జేసీబీ మాత్రం కంపెనీ కంటే ముందు ఒక మనిషి: జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్. సెమిస్టర్‌కి వంద షార్ట్‌ఫారాలు బట్టీ పడతాం, దీని ఫుల్‌ఫారం మాత్రం నన్నెవరూ అడగలేదు. ఈ సెలవుల్లో 1:20 స్కేల్లో ఒక జేసీబీ మోడల్ చేస్తూ ఆయన గురించి తెలుసుకున్నాను.

బామ్‌ఫర్డ్ 1916 జూన్ 21న ఇంగ్లండులోని యుటాక్సిటర్ అనే చిన్న ఊర్లో పుట్టాడు. వాళ్ళది వ్యవసాయ పనిముట్లు తయారుచేసే కుటుంబం, సొంత ఫ్యాక్టరీ ఉంది. రెండో ప్రపంచ యుద్ధం టైములో వైమానిక దళంలో పనిచేసి, తిరిగొచ్చి ఇంటి ఫ్యాక్టరీలోనే చేరాడు. కానీ ఈయనకి పెద్దగా భవిష్యత్తు లేదని ఇంట్లో పెద్దాయనే తేల్చి బయటికి పంపించేశాడు.

1945 అక్టోబర్ 23న అద్దెకి ఒక షెడ్డు తీసుకున్నాడు. 12 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు. మన హాస్టల్ రూము లాంటిదే. అదే రోజు ఆయనకి కొడుకు పుట్టాడు. ఒక పౌండు పెట్టి పాత వెల్డింగ్ సెట్ కొని, యుద్ధంలో మిగిలిపోయిన సామానుతో మట్టి ఒంపే ట్రైలర్ ఒకటి చేశాడు. దాన్ని ఊరి సంతలో 45 పౌండ్లకి అమ్మి, కొన్నాయన దగ్గరున్న పాత బండి కూడా తీసుకున్నాడు. ఆ పాతదాన్ని బాగుచేసి దాన్నీ 45 పౌండ్లకే అమ్మాడు!

నా మోడల్ కూడా మిగిలిపోయిన సామానుతోనే మొదలైంది. ఫ్లెక్సీ షాపులో పారేసే ఫోమ్ బోర్డు ముక్కలు, అయిపోయిన రీఫిల్స్, మందుల షాపు సిరంజీలు. మా మామ పుంగనూరులో జేసీబీ ఆపరేటర్. ఆయన బండినే టేపుతో కొలిచాను. వెనక టైరు దాదాపు 140 సెంటీమీటర్ల ఎత్తుంది, మోడల్లో 7 సెంటీమీటర్లు అయింది. మూడడుగుల లోపు ఆవులున్న పుంగనూరులో చిన్న సైజు చూసి ఎవరూ ఆశ్చర్యపోరు లెండి.

సిరంజీలు పెట్టాక బామ్‌ఫర్డ్ చేసిన పని బాగా అర్థమైంది. చిన్న సిరంజీని నొక్కితే పైపులో నీళ్ళు పోయి పెద్ద సిరంజీని తోస్తాయి. అది కదిలే దూరం తక్కువ, బలం ఎక్కువ. అసలు బండిలో నీళ్ళ బదులు నూనె, మన చేతి బదులు పంపు. 1948లో ఆయన ట్రైలర్‌కి ఈ హైడ్రాలిక్స్ పెట్టాడు, మరుసటి ఏడాది ట్రాక్టర్‌కి లోడర్ తగిలించాడు. 1950లో రోసెస్టర్ అనే ఊర్లో పాత చీజ్ ఫ్యాక్టరీలోకి మారాడు. 1953లో ముందు లోడర్, వెనక తవ్వే చెయ్యి రెండూ ఉన్న బండి తెచ్చాడు. ఎత్తడానికొక బండి, తవ్వడానికొక బండి అక్కర్లేకుండా పోయింది.

ఆ బండిలో కూర్చునే మనిషి గురించి కూడా ఆలోచించాడు. క్యాబిన్లో టీ కెటిల్‌కి ప్లగ్ పెట్టించి, మొదట కొన్న వంద మందికి కెటిళ్ళు తానే వెళ్ళి ఇచ్చాడు. 1964లో ఒక ట్రైలర్ మీద నిలబడి పనివాళ్ళకి మొత్తం రెండున్నర లక్షల పౌండ్ల బోనస్ స్వయంగా పంచాడు. ట్రైలర్‌తో మొదలైనవాడు కదా! 1975లో కంపెనీ పెద్ద కొడుక్కి అప్పగించి తప్పుకున్నాడు. 1979లో ఆయన బండ్లు హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో తయారవడం మొదలైంది. 2001 మార్చి 1న, నేను ఇంకా పుట్టకముందే, ఆయన పోయాడు.

మోడల్‌కి చివరి పని దాన్ని పాతబరచడం. ముందు తుప్పు రంగు వేసి, తడి మీద రాళ్ళ ఉప్పు చల్లి, ఆరాక పైన పసుపు కొట్టాలి. తర్వాత ఉప్పు గీకేస్తే పెయింట్ పెచ్చులు లేచినట్టు కనిపిస్తుంది. మా చేనులోని ఎర్రమట్టిని పల్చటి గుడ్డలో జల్లించి, నీళ్ళు కలిపిన ఫెవికాల్‌తో టైర్లకి పట్టించాను. తుప్పు ఎక్కడ పడితే అక్కడ వెయ్యకూడదని మామ చెప్పాడు. రోజూ పనిచేసే బకెట్ పళ్ళు మట్టికి రాసుకుని తళతళలాడతాయి. నిలబెట్టేసిన బండికే అక్కడ తుప్పు. పిన్నుల దగ్గర గ్రీజు నలుపు, మెట్టు మీద చెప్పుల అరుగుడు. అవి చూస్తే ఆ బండికి పనుందో లేదో తెలిసిపోతుందంట.

మా అవ్వది కుప్పం దగ్గర పల్లె. కరువు పనుల్లో చెరువు మట్టి తట్టలతో మోసింది. మోడల్ని తిప్పి తిప్పి చూసి, ఇది ఎంతమంది కూలి తింటుందని అడిగింది. తరతరాలుగా మట్టిపని చేసిన వడ్డెర కుటుంబాలదీ అదే ప్రశ్న. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు ఇళ్ళు కూల్చేదీ ఇదే బకెట్. కానీ శ్రీశైలం నుంచి కృష్ణ నీళ్ళని పుంగనూరు మీదుగా కుప్పం దాకా తేవడానికి హంద్రీ-నీవా కాలువ తవ్వింది కూడా ఇలాంటి యంత్రాలే. అది పారలతో తవ్వుంటే అవ్వ కాలంలో అయ్యేది కాదు. ఆ మాటా అవ్వే ఒప్పుకుంది, కూలి మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. బామ్‌ఫర్డ్ జీవితంలో వెతికినా ఆ ప్రశ్నకి నాకు జవాబు దొరకలేదు.

అందుకే మోడల్లో మట్టికుప్ప పక్కన ఒక పార, ఒక తట్ట కూడా పెట్టాను. 1:20 స్కేల్లో తట్ట రెండు సెంటీమీటర్లు వచ్చింది.