రాయవేలూరు డాక్టరమ్మ

2020 ఏప్రిల్ 29న సుప్రీంకోర్టు ఒక తీర్పు వెలువరించింది. దేశమంతటా లాక్‌డౌన్ సాగుతున్న రోజులవి. ఢిల్లీలో వీధులు బోసిపోయి ఉన్నాయి. నేను ఇంట్లోనే కూర్చుని తీర్పు పాఠం చదివాను. వైద్య విద్యలో ప్రవేశానికి దేశమంతటికీ ఒకే పరీక్ష ఉండాలనీ, అల్పసంఖ్యాక వర్గాల కళాశాలలకు సైతం దాని నుంచి మినహాయింపు లేదనీ న్యాయస్థానం తేల్చింది. ఆ వ్యాజ్యాన్ని న్యాయవాదులంతా వేలూరు కేసు అని పిలిచేవారు. 2013లో ఇదే కళాశాల పేరుతో వచ్చిన తీర్పు ఆ పరీక్షను కొట్టివేసింది. 2016లో ఆ తీర్పును న్యాయస్థానమే వెనక్కు తీసుకుంది. 2017లో ఆ కళాశాల తన ఎం.బి.బి.ఎస్. సీట్లు 100 ఉండగా ఒక్కటి మాత్రమే నింపి, తక్కినవాటిని ఖాళీగా వదిలివేసింది. ఇన్నేళ్ళ వాదప్రతివాదాలలో రాజ్యాంగంలోని 30వ అధికరణం ప్రస్తావన వందల సార్లు వచ్చి ఉంటుంది. కాని ఆ కళాశాలను పెట్టిన మనిషిని తలచుకున్నవారు నాకు కనిపించలేదు.

నాకు మాత్రం ఆమె చిన్ననాటి నుంచి తెలిసిన పేరు. మా అమ్మమ్మది చిత్తూరు జిల్లా. ఆమె వేలూరు అనేది కాదు, రాయవేలూరు అనేది. ఆమె అక్క తొలి కాన్పులోనే కన్నుమూసింది. మంత్రసాని చేతులెత్తేసిన తరువాత మగ డాక్టరును లోపలికి రానివ్వడానికి ఇంటి పెద్దలు ఒప్పుకోలేదు. ఆ భయంతోనే కాబోలు, అమ్మమ్మ పురుటికి మా ముత్తాత ఆమెను రాయవేలూరు తీసుకువెళ్ళాడు. మా అమ్మ అక్కడే పుట్టింది. అందుచేత అయిడా స్కడర్ జీవితం గురించి నేను తటస్థంగా రాయగలనని చెప్పను. తెలిసినంతవరకు నిజాయితీగా రాయగలను.

స్కడర్ల వంశం మన దేశానికి వచ్చిన కథ ఆమె తాతతో మొదలవుతుంది. న్యూయార్కులో వైద్యవృత్తి చేసుకుంటున్న జాన్ స్కడర్ 1819లో మతప్రచారకుడుగా ఓడెక్కి సింహళం చేరాడు. అమెరికా నుంచి విదేశానికి వెళ్ళిన తొలి వైద్య మిషనరీగా అతనికి పేరు. తరువాత మద్రాసు రాష్ట్రానికి మారాడు. అతని కుమారులు ఏడుగురూ ఇక్కడే పనిచేశారు. వారిలో ముగ్గురు 1853లో ఆర్కాటు మిషన్‌ను స్థాపించారు. ఆ రోజుల్లో ఉత్తరార్కాటు జిల్లాకు ముఖ్యపట్టణం చిత్తూరే. తెలుగు తాలూకాలను విడదీసి చిత్తూరు జిల్లాను ఏర్పరచింది 1911లో. కనుక ఈ కథ జరిగిన నేల మనకు పరాయిది కాదు.

1870 డిసెంబరు 9న రాణిపేటలో అయిడా పుట్టింది. ఐదుగురు అన్నల తరువాత ఒక్కతే ఆడపిల్ల. ఆమెకు ఊహ తెలిసిన నాటికి దక్షిణదేశం 1876-78 మహాక్షామంలో చిక్కుకుంది. మద్రాసు రాష్ట్రంలోనూ, చుట్టుపట్ల సంస్థానాలలోనూ లక్షల మంది ఆకలికి మాడిపోయిన కాలం అది. లేచి నిలబడే ఓపిక లేని పిల్లల నోటికి రొట్టె ముక్కలు తుంచి అందించడం ఆ చిన్నారి చేసిన పని. ఆరేడేళ్ళ పిల్ల చూడవలసిన దృశ్యం కాదది. ఆ దేశమే తన దేశమని చెబితే ఏ పిల్లయినా భయపడుతుంది. ఆమె పెద్దయ్యాక ఇక్కడికి రాకూడదని పట్టుపట్టిందంటే దాని వేరు ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

1878లో కుటుంబం విశ్రాంతి కోసం అమెరికాకు వెళ్ళింది. నెబ్రాస్కాలో పొలం మధ్య ఇల్లు. కరవు సీమ నుంచి వచ్చిన పిల్లకు ఆ పచ్చదనం స్వర్గంగా తోచి ఉంటుంది. కాని అది ఎంతో కాలం నిలవలేదు. మొదట తండ్రి భారతదేశానికి తిరిగి వచ్చేశాడు. తరువాత తల్లి కూడా భర్త దగ్గరకు ఓడెక్కింది. పన్నెండు పదమూడేళ్ళ అయిడా షికాగోలో బంధువుల ఇంట మిగిలిపోయింది. తల్లి వెళ్ళిన రాత్రి ఆమె తలగడ మీద పడి ఏడ్చిందట ఆ పిల్ల. మిషనరీల సంతానానికి అది మామూలు అనుభవమే. తల్లిదండ్రులు ఒక ఖండంలో, చదువు మరో ఖండంలో, మధ్య సముద్రం. లోకమంతా తిరిగిన బాల్యం అని మనం అసూయపడతాం గాని, ఆ తిరుగుడులో ఇల్లు అనే మాటకు అర్థం చెదిరిపోతుందని మరచిపోతాం.

తరువాత ఆమె మసాచుసెట్స్‌లోని నార్త్‌ఫీల్డ్ బాలికల విద్యాలయంలో చదివింది. చిలిపితనానికి పేరుపడ్డ విద్యార్థిని. స్కడర్ల ఇంట పుట్టిన వారంతా ఇండియాకే వెళ్ళాలన్న సంప్రదాయం తన దగ్గర ఆగిపోతుందని నిశ్చయించుకుంది. అమెరికాలో పెళ్ళి చేసుకుని సుఖంగా స్థిరపడాలన్నది ఆమె కోరిక. అందులో తప్పు పట్టవలసినది ఏమీ లేదు.

1890లో తల్లికి జబ్బు చేసిందన్న కబురు రావడంతో, కొంతకాలం సాయంగా ఉండి తిరిగిపోవాలనే షరతు తనకు తానే పెట్టుకుని ఆమె తిండివనం చేరింది. అక్కడ ఒకే రాత్రి జరిగిన సంఘటన ఆమె జీవితాన్ని మార్చివేసింది. ఒక బ్రాహ్మణుడు వచ్చి, తన చిన్న వయసు భార్య ప్రసవం కాక ప్రాణాల మీదికి వచ్చిందని, వచ్చి చూడమని అడిగాడు. తనకు వైద్యం రాదు, తండ్రి డాక్టరు, ఆయనను పంపిస్తానని అయిడా చెప్పింది. పరపురుషుడు చూడడం కంటే ఆమె చనిపోవడమే మేలని అతడు వెళ్ళిపోయాడు. ఆ రాత్రే ఒక ముస్లిం, ఆ తరువాత మరొక హిందువు అదే కోరికతో వచ్చి, అదే సమాధానం విని, అదే విధంగా వెనుదిరిగారు. తెల్లవారేసరికి ముగ్గురు స్త్రీలూ మరణించారు.

మతాలు వేరు, కులాలు వేరు, ఆడదాని ప్రాణం విషయంలో మాత్రం ముగ్గురి ధర్మమూ ఒకటే అయింది. ఈ సంగతిని పరాయి మతప్రచారకులు మనను చిన్నబుచ్చడానికి చెప్పిన కట్టుకథ అని కొట్టివేసేవారు లేకపోలేదు. వారికి మా అమ్మమ్మ అక్క సంగతి చెప్పడం తప్ప నేను చేయగలిగింది లేదు. మిషనరీల రాకకు మతమార్పిడి ఒక ప్రధానోద్దేశమన్నదీ, సామ్రాజ్యపు నీడలో వారు పనిచేశారన్నదీ నిజమే. స్త్రీలు వైద్యం అందక చనిపోయారన్నదీ నిజమే. ఒక నిజాన్ని చూపించి మరొక నిజాన్ని దాచడం చరిత్ర అనిపించుకోదు.

అయిడా అమెరికాకు తిరిగి వెళ్ళింది, డాక్టరు కావడానికి. 1895లో ఫిలడెల్ఫియాలోని స్త్రీల వైద్య కళాశాలలో చేరింది. కార్నెల్ వైద్య కళాశాల తలుపులు స్త్రీలకు తెరుచుకోగానే న్యూయార్కుకు మారి 1899లో పట్టం పుచ్చుకుంది. షెల్ అనే బ్యాంకరు తన భార్య స్మృత్యర్థం ఇచ్చిన 10,000 డాలర్లతో 1900 ప్రారంభంలో మన దేశంలో దిగింది. ముప్పై ఏళ్ళు నిండకుండానే ఆమెకది నాలుగవ సముద్రయానం. ఆ ఏడాదే తండ్రి మరణించాడు. చేయి పట్టుకుని పని నేర్పవలసిన మనిషి లేడు. తండ్రి బంగళాలోని ఒక గదిలో ఒక్క మంచంతో ఆమె వైద్యం ఆరంభించింది. రెండేళ్ళలో దాదాపు 5,000 మంది రోగులు వచ్చారు. 1902లో వేలూరులో 40 పడకల షెల్ ఆసుపత్రి తెరుచుకుంది.

ఆసుపత్రికి రాలేనివారి దగ్గరకు తానే వెళ్ళడం ఆమె పద్ధతి. గుడియాత్తం దారిలో చెట్ల కింద వారం వారం రోగులు కాచుకుని ఉండేవారు. మొదట ఎద్దుబండి, 1909 నుంచి మోటారుకారు. ఒక్క డాక్టరుతో ఇది తెమిలే పని కాదని ఆమె త్వరలోనే గ్రహించింది. తాను ఎంతమందిని చూసినా తిండివనం రాత్రి మరొక ఊళ్ళో జరుగుతూనే ఉంటుంది. ఈ దేశపు స్త్రీలే డాక్టర్లు కావాలి. 1909లో నర్సుల శిక్షణ ప్రారంభించింది. 1918 ఆగస్టులో మద్రాసు గవర్నరు లార్డ్ పెంట్లండ్ చేతుల మీదుగా స్త్రీల వైద్య పాఠశాల ప్రారంభమైంది. ఆడపిల్లలు ఈ చదువు నెగ్గలేరని ప్రభుత్వ వైద్యాధికారులు అనుమానించారు. తొలి ఏడాది పరీక్షలో వేలూరు అమ్మాయిలంతా ఉత్తీర్ణులయ్యారు. పురుషుల పాఠశాలలు ఆ ఫలితానికి దరిదాపుల్లో కూడా లేవు.

ఇక్కడే సుప్రీంకోర్టు తీర్పు చదువుతూ నాకు గుర్తుకు వచ్చిన ఘట్టం ఉంది. 1937లో రాజాజీ నాయకత్వాన మద్రాసులో కాంగ్రెసు మంత్రివర్గం ఏర్పడింది. ఆరోగ్యశాఖ మంత్రి టి.ఎస్.ఎస్. రాజన్ స్వయంగా డాక్టరు. వైద్యంలో రెండు తరగతుల చదువులు ఉండరాదని, ఎల్.ఎం.పి. డిప్లొమాలు రద్దుచేసి విశ్వవిద్యాలయ పట్టం ఒక్కటే నిలపాలని ఆ ప్రభుత్వం నిర్ణయించింది. పల్లెకు పంపే వైద్యుడికి తక్కువ చదువు చాలునన్న వలసపాలకుల ధోరణికి స్వస్తి చెప్పిన ఆ నిర్ణయం న్యాయమైనదే. కాని వేలూరు నడుపుతున్నది డిప్లొమా చదువు. పెద్ద కళాశాలగా ఎదగాలి, లేదా మూసుకోవాలి.

అప్పటికి ఆమెకు 67 ఏళ్ళు దాటాయి. 1941లో అమెరికాకు వెళ్ళి, యుద్ధకాలమంతా ఊరూరా తిరిగి నిధులు పోగుచేసింది. స్త్రీల కోసం స్త్రీలు కట్టిన కళాశాలలో మగవారిని చేర్చుకోవడమా అని పాత మిత్రులే ఎదురుతిరిగారు. ఆమెకూ అది మనసుకు పట్టిన మాటే. అయినా పని నిలవాలంటే మారక తప్పదని ఒప్పుకుంది. 1942లో ఎం.బి.బి.ఎస్. చదువు ప్రారంభమైంది. 1946లో ఢిల్లీలోనూ వేలూరులోనూ నర్సింగ్ పట్టపు చదువు మొదలైంది. 1947లో విద్యార్థులు కూడా చేరారు. ప్రభుత్వపు నిబంధన ఆ సంస్థను చంపలేదు, పెంచింది.

మనకు గర్వకారణమైన మాట ఒకటి చెప్పాలి. ఆమె తరువాత ఆ సంస్థను నడిపిన తొలి భారతీయ సారథి విశాఖపట్నంలో పుట్టిన డాక్టర్ హిల్డా లాజరస్. ఢిల్లీలో లేడీ హార్డింజ్ కళాశాలలో పనిచేసి, అఖిల భారత మహిళా వైద్య సర్వీసుకు అధిపతిగా ఉండి, వేలూరుకు వెళ్ళిన తెలుగు మహిళ. ఈ దేశపు స్త్రీలే డాక్టర్లు కావాలన్న కోరికకు ఇంతకంటే నిండైన సాఫల్యం ఏముంటుంది? అయిడా 1960 మే 24న కొడైకెనాల్‌లో తన ఇంట మరణించింది. అప్పటికి 89 ఏళ్ళు. ఈ దేశం నుంచి పారిపోవాలనుకున్న పిల్ల ఈ మట్టిలోనే కలిసిపోయింది.

ఇప్పుడు నా సందేహం చెబుతాను. ఒకే పరీక్ష వల్ల డొనేషన్ల వ్యాపారానికి కొంతైనా కళ్ళెం పడుతుందన్న వాదనను నేను కాదనలేను. 1938లో ఒకే చదువు అన్న నియమం సబబైతే, 2020లో ఒకే పరీక్ష అన్న నియమాన్ని తప్పనడం తేలిక కాదు. కాని ర్యాంకు కొలిచేది జ్ఞాపకశక్తిని, వేగాన్ని. అర్ధరాత్రి తిండివనం వంటి ఊళ్ళో తలుపు తట్టితే లేచి వెళ్ళే బుద్ధిని కొలిచే పరీక్ష ఏ ప్రశ్నపత్రంలోనూ లేదు. వేలూరువారు తమ విద్యార్థులను తామే ఎంచుకుంటామని పట్టుపట్టింది ఆ బుద్ధిని వెదకడానికేనని వారి వాదన. న్యాయస్థానం నియమం చెప్పింది. ఆ బుద్ధిని ఎలా నేర్పాలో చెప్పవలసినది ప్రభుత్వాలు, కళాశాలలు, మనం.

కొన్నేళ్ళ కిందట కేరళ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ నుంచి వచ్చి, చిత్తూరు దాటాక కాట్పాడిలో దిగాను. ప్లాట్‌ఫారం మీద తమిళంతో సమానంగా బెంగాలీ వినిపించింది. కలకత్తా నుంచి, ఢాకా నుంచి కూడా రోగులు ఆ దారినే వస్తారు. ఒక ముసలాయన భార్య చేయి పట్టుకుని ఆసుపత్రికి ఏ బస్సు పోతుందని నన్ను అడిగాడు. మా ముత్తాత కూడా ఒకనాడు ఈ ఊళ్ళోనే ఎవరినో దారి అడిగి ఉంటాడు. నాకు బెంగాలీ రాదు. చేయి చాపి బస్సు చూపించాను.